టిక్కు తీస్తే చిక్కు తీరేనా?

* ఐపీవీ6ను ఆపేస్తున్న గృహ వినియోగదారులు
* ఉపశమనం తాత్కాలికమే.. అసలు లోపం మరోచోట
* సరిదిద్దాల్సింది సేవాదాతలే

ఇంట్లో ఇంటర్నెట్ మందగించిందా? వెబ్‌సైటు సగం తెరుచుకుని నిలిచిపోయిందా? ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకు రేపే ఆఖరు గడువు అనగా పేజీ కదలడం లేదా? మండల కేంద్రంలోని కంప్యూటర్ మరమ్మతు దుకాణానికి ఫోన్ చేస్తే తరచూ వినిపించే జవాబు ఒక్కటే.. 'ఐపీవీ6 టిక్కు తీసేయండి.' కనెక్షన్ ఇచ్చిన కేబుల్ నిర్వాహకుడి మనిషీ అదే మాట చెబుతాడు. యూట్యూబ్ వీడియోలూ అదే మంత్రం జపిస్తున్నాయి. టిక్కు తీసిన మరుక్షణం కొన్నిసార్లు పేజీ తెరుచుకుంటుంది కూడా. దాంతో దోషి దొరికినట్లేనని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ టిక్కును తిరిగి పెట్టేవారు మాత్రం అరుదు.

జ్వరం వచ్చినవాడి నుదుట తడిగుడ్డ వేస్తే కాసేపు హాయిగా ఉంటుంది. అంతమాత్రాన జ్వరం తగ్గినట్లు కాదు. ఐపీవీ6ను ఆపేయడమూ అటువంటి ఉపచారమే. కొన్ని సందర్భాల్లో అవసరమే కానీ, దానినే శాశ్వత చికిత్సగా భావించడం పొరపాటు. పైగా దేశంలోని ఇంటర్నెట్ రద్దీలో అధిక భాగం ఇప్పుడు ఆ దారిలోనే సాగుతోంది. ఈ నేపథ్యంలో అసలు ఐపీవీ6 అంటే ఏమిటి, దానిపై ఇంతటి అనుమానం ఎందుకు ఏర్పడింది, ఆపితే ఏం కోల్పోతాం, నిజంగా ఎప్పుడు ఆపాలి అన్నవి సామాన్య వినియోగదారుడు తెలుసుకోవలసిన విషయాలు.

చిరునామాల కరవు

ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక చిరునామా ఉండాలి. ఉత్తరం చేరాలంటే ఇంటి నంబరు, పిన్‌కోడ్ ఎంత అవసరమో సమాచారం చేరాలంటే ఇదీ అంతే అవసరం. ఆ చిరునామాలు ఎలా ఉండాలో, సమాచారాన్ని ఎలా చేరవేయాలో నిర్ణయించే నియమావళినే ఇంటర్నెట్ ప్రొటోకాల్, క్లుప్తంగా ఐపీ అంటారు. ఇందులో నాలుగో వెర్షన్‌ను 1981లో ఖరారు చేశారు. అమెరికాలోని అర్పానెట్ 1983 జనవరి 1న దీనికి మారింది. ఈ విధానంలో ఇవ్వగల చిరునామాలు 429 కోట్ల 49 లక్షలు మాత్రమే. ఆనాడు కంప్యూటర్లు విశ్వవిద్యాలయాలకు, రక్షణ సంస్థలకు, పెద్ద కంపెనీలకు మాత్రమే పరిమితం. ఆ సంఖ్య ఎన్నటికీ తరగదనుకున్నారు. నేడు ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. ఒక్కో ఇంట్లో నాలుగైదు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్, గుమ్మం ముందు ఒక సీసీ కెమెరా ఉంటున్నాయి. చిరునామాలు చాలకపోవడంలో వింతేముంది?

ప్రపంచ స్థాయిలో చిరునామాలను పంపిణీ చేసే ఐఏఎన్ఏ వద్ద నాలుగో వెర్షన్ నిల్వ 2011 ఫిబ్రవరి 3న నిండుకుంది. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు కేటాయించే ఏపీనిక్ సంస్థ అదే ఏడాది ఏప్రిల్ 15న తన చివరి విడతకు చేరుకుంది. అప్పటి నుంచి కొత్తవారికి దక్కుతున్నది చిటికెడే. ఈ ముప్పును ముందే పసిగట్టిన నిపుణులు 1995 డిసెంబరులో ఆరో వెర్షన్ తొలి రూపాన్ని వెలువరించారు. 1998లో దాన్ని సవరించారు. 2017 జులైలో అది పూర్తిస్థాయి ప్రమాణంగా స్థిరపడింది. ఇందులో ఇవ్వగల చిరునామాల సంఖ్య సుమారు 34 పక్కన 37 సున్నాలు పెడితే వచ్చేంత. మధ్యలో ఐదో వెర్షన్ ఏమైందన్న సందేహం సహజం. ఆ సంఖ్యను అంతకుముందే మరో ప్రయోగాత్మక విధానానికి కేటాయించారు. అందుకే కొత్త విధానానికి ఆరో సంఖ్య దక్కింది.

పీపీ నంబరు కథే మళ్లీ..

చిరునామాలు అయిపోయినా పాత విధానం ఇంకా ఎలా నడుస్తోంది? దీనికి జవాబు మన పాత తరానికి బాగా తెలుసు. ఊరికి ఒకటి రెండు ఫోన్లే ఉన్న రోజుల్లో పెళ్లి శుభలేఖల మీద, దుకాణాల బిల్లుల మీద 'పీపీ నంబరు' అని అచ్చు వేసేవారు. ఆ ఫోన్ మనది కాదు, పక్కింటివారిది. మనం వెళ్లి బయటకు మాట్లాడవచ్చు. బయటివారు మనతో మాట్లాడాలంటే మాత్రం పక్కింటివారు పిలుచుకు రావాలి. వారు ఇంట్లో లేకపోతే అంతే సంగతులు.

నేడు అనేక ఇళ్లలో నాలుగో వెర్షన్ కనెక్షన్ సరిగ్గా పీపీ నంబరులాంటిదే. సేవాదాత తన వద్దనున్న ఒక్కో చిరునామాను పదుల సంఖ్యలో, కొన్నిచోట్ల వందల సంఖ్యలో ఇళ్లకు ఉమ్మడిగా వాడుతున్నాడు. దీన్ని సాంకేతికంగా 'క్యారియర్ గ్రేడ్ నాట్' అంటారు. వార్తలు చదవడానికి, సినిమా చూడడానికి ఇబ్బంది ఉండదు. బయటి నుంచి నేరుగా మన ఇంటి పరికరాన్ని చేరుకోవడం మాత్రం సాధ్యం కాదు. ఆరో వెర్షన్‌లో ఈ కరవే లేదు. ప్రతి ఇంటికీ, ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వవచ్చు. పీపీ నంబరు పోయి సొంత ఫోన్ వచ్చినట్లన్న మాట. టిక్కు తీసేసిన ఇల్లు సొంత ఫోన్‌ను మూలనపెట్టి మళ్లీ పక్కింటి గుమ్మం తొక్కుతున్నట్లే.

దేశం ముందంజ.. ఇంటి పెట్టె వెనకంజ

కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2010 జులైలో ఐపీవీ6పై తొలి జాతీయ మార్గసూచిని ప్రకటించింది. 2013 మార్చిలో రెండోది విడుదల చేసింది. ఆ తర్వాత గడువులు పలుమార్లు జరిగాయి. 2021 నవంబరులో వెలువడిన సవరించిన గడువుల ప్రకారం ప్రభుత్వ సంస్థలు 2022 జూన్ 30లోగా తమ వెబ్‌సైట్లను కొత్త విధానానికి అనుకూలంగా మార్చుకోవాలి. 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే ప్రతి కొత్త గృహ వైర్‌లైన్ కనెక్షనూ ఐపీవీ6ను మోయగలిగి ఉండాలి. సేవాదాత ఇళ్లలో అమర్చిన పాత పెట్టెలనూ ఆ తేదీలోగా దశలవారీగా మార్చేందుకు కృషి చేయాలి.

కాగితాల సంగతి అలా ఉంచితే, దేశంలో ఐపీవీ6 నిజంగా ఊపందుకున్నది మొబైల్ ఫోన్ల వల్లే. 2016 సెప్టెంబరు 5న సేవలు ఆరంభించిన జియో తన 4జీ నెట్‌వర్కును మొదటి నుంచీ ఐపీవీ6 ఆధారంగానే నిర్మించుకుంది. కోట్లాది కొత్త వినియోగదారులకు సరిపడా పాత చిరునామాలు దొరికే అవకాశం లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. మిగతా పెద్ద సంస్థలూ అదే బాట పట్టాయి. ఫలితంగా ఐపీవీ6 వాడకంలో భారత్ నేడు ప్రపంచంలోని అగ్రశ్రేణి దేశాల సరసన నిలిచింది. దేశంలో ప్రతి పది మంది ఇంటర్నెట్ వినియోగదారుల్లో ఏడుగురికి పైగా ఇది అందుబాటులో ఉందని ఏపీనిక్ కొలతలు చూపుతున్నాయి. పొలం గట్టున కూర్చుని ఫోన్‌లో మార్కెట్ ధర చూసుకునే రైతు తనకు తెలియకుండానే ఆరో వెర్షన్‌ను వాడుతున్నాడు. అతడి ఫోన్‌లో ఎవరూ టిక్కు తీయడం లేదు. ఫోన్‌లో ఏ ఇబ్బందీ పెట్టని ఐపీవీ6 ఇంట్లోని కంప్యూటరుకు మాత్రమే శత్రువు ఎలా అయింది? లోపం ఐపీవీ6లో కాక, అది ఇంటికి చేరే దారిలో ఉందనడానికి ఇదే ప్రబల నిదర్శనం.

అపనింద ఎప్పటిది?

అలాగని ఈ అలవాటు గాలిలోంచి పుట్టలేదు. విండోస్ ఎక్స్‌పీలో ఐపీవీ6 దానంతట అది పనిచేసేది కాదు. 2007లో జనంలోకి వచ్చిన విస్టాతో అది మొదటి నుంచే ఆన్‌లో ఉండడం మొదలైంది. ఆనాటికి మన దేశంలో ఇళ్లకు ఆ సేవ ఇచ్చే సంస్థలు దాదాపు లేవు. సేవ లేకపోయినా దారి కల్పించుకునేందుకు కంప్యూటర్లు టెరిడో, 6టు4 వంటి సొరంగ మార్గాలను ఆశ్రయించేవి. సమాచారం ఎక్కడో సముద్రాల అవతల ఉన్న సర్వర్ల మీదుగా చుట్టూ తిరిగి వచ్చేది. తోవలో ఎక్కడ ఆగినా కంప్యూటరు పదుల సెకన్ల పాటు నిరీక్షించి, ఆపై పాత దారి పట్టేది. ఆ రోజుల్లో టిక్కు తీయడం నిజంగానే పనికొచ్చే చిట్కా.

అయితే ఆ కాలం గతించింది. 2011 జూన్ 8న గూగుల్, ఫేస్‌బుక్, యాహూ తదితర సంస్థలు ఒక్కరోజు ప్రయోగంగా ఐపీవీ6ను తెరిచి చూశాయి. 2012 జూన్ 6న శాశ్వతంగా ప్రారంభించాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో 'హ్యాపీ ఐబాల్స్' అనే పద్ధతి ప్రమాణంగా వెలువడింది. దీని ప్రకారం బ్రౌజరు ఒక దారి మూసి ఉంటే దాని కోసమే పడిగాపులు పడదు. మొదట ఆరో వెర్షన్‌లో ప్రయత్నిస్తుంది. సెకనులో నాలుగో వంతు లోపు జవాబు రాకుంటే నాలుగో వెర్షన్‌లోనూ తలుపు తడుతుంది. ఏది ముందు తెరుచుకుంటే అందులో వెళ్తుంది. ఆ నాలుగో వంతు సెకను విరామాన్ని 2017 డిసెంబరు నాటి సవరణ సిఫార్సు చేసింది. 6టు4 విధానంలోని కీలక భాగానికి 2015లోనే స్వస్తి పలికారు. జబ్బు పోయింది, మందు చీటీ మాత్రం చేతులు మారుతూనే ఉంది.

2024 ఆగస్టు భయం

పాత చిట్కాకు మళ్లీ ప్రాణం పోసిన ఘటన 2024 ఆగస్టులో జరిగింది. విండోస్‌లోని ఐపీవీ6 భాగంలో ఒక తీవ్రమైన భద్రతా లోపం ఉందని ఆ నెల 13న మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ప్రత్యేకంగా రూపొందించిన ఐపీవీ6 సమాచార పొట్లాలను పంపి, వినియోగదారుడు ఏదీ నొక్కకుండానే కంప్యూటరును వశపరచుకునే ప్రమాదం ఉందని హెచ్చరించింది. తీవ్రతను కొలిచే పది మార్కుల కొలమానంలో దీనికి 9.8 వచ్చాయి. ఐపీవీ6 ఆపి ఉన్న యంత్రాలకు ఈ ముప్పు లేదనీ తెలిపింది. ఇంకేముంది, 'వెంటనే ఆపేయండి' అన్న సందేశాలు వాట్సాప్ గ్రూపుల్లో గుప్పుమన్నాయి.

ఇక్కడే చాలామంది గమనించని మాట ఒకటుంది. లోపాన్ని సరిదిద్దే సవరణను అదే రోజున, అదే ప్రకటనతో పాటు విడుదల చేశారు. విండోస్ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటరుకు ఆ ముప్పు అక్కడితో తీరింది. కానీ 'ఆపేయండి' అన్న సందేశం చేరినంత వేగంగా 'అప్‌డేట్ వేసుకోండి' అన్న మాట చేరలేదు. అప్‌డేట్లు డేటాను తినేస్తాయని వాటిని నిలిపివేసి, టిక్కు మాత్రం తీసేసిన ఇళ్లు ఉన్నాయి. ఇది ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి ఒక్క కిటికీకి మేకులు కొట్టడమే.

ఒక మినహాయింపు మాత్రం చెప్పుకోవాలి. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 7తో ఇప్పటికీ నడుస్తున్న యంత్రానికి ఇటువంటి సవరణలు అందవు. అక్కడ ఐపీవీ6ను ఆపి ఉంచడంలో అర్థం ఉంది. అయితే బ్యాంకు లావాదేవీలకు అటువంటి యంత్రాన్ని వాడకపోవడమే అసలైన రక్షణ.

అసలు జబ్బు ఎక్కడ?

టిక్కు తీయగానే నెట్ బాగుపడిన ఇళ్లలో అసలు లోపం సాధారణంగా నాలుగు చోట్ల ఉంటుంది.

మొదటిది, పొట్లాల పరిమాణం. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పలు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒక్కో పొట్లం 1,492 బైట్లకు మించకూడదు. మామూలు పరిమాణం 1,500. పాత విధానంలో పొట్లం పెద్దదైతే దారిలోని రౌటరే దాన్ని ముక్కలు చేయగలదు. కొత్త విధానంలో రౌటర్లు ఆ పని చేయవు. 'పొట్లం పెద్దదైంది, తగ్గించి పంపు' అని పంపినవారికే కబురు చేస్తాయి. భద్రత పేరుతో ఎవరైనా మధ్యలో ఆ కబురును అడ్డుకుంటే పంపినవారికి విషయమే తెలియదు. పేజీ పైభాగం వస్తుంది, మిగిలింది రాదు. సగం తెరుచుకుని నిలిచిపోయే పేజీల వెనుక తరచూ ఉండే రహస్యమిదే. రౌటర్‌లో లేదా సేవాదాత వద్ద ఒక అమరికను సరిచేస్తే ఇది తీరిపోతుంది.

రెండోది, కరెంటు కోత. వీధి చివర ఉన్న కేబుల్ నిర్వాహకుడి పరికరానికి కరెంటు పోతుంది. ఇంట్లోని ఫైబర్ పెట్టె ఇన్వర్టర్‌పై నడుస్తూనే ఉంటుంది. కరెంటు రాగానే సేవాదాత ఆ ఇంటికి కొత్త చిరునామా శ్రేణి ఇస్తాడు. పాతది చెల్లదన్న కబురును ఇంటిలోని కంప్యూటర్లకు చెప్పాల్సిన బాధ్యత రౌటరుది. చవక రౌటర్లలో కొన్ని ఆ పని చేయవు. కంప్యూటరు రద్దయిన పాత చిరునామాతోనే ఉత్తరాలు రాస్తూ ఉంటుంది, జవాబులు రావు. ప్రమాణాల్లో సూచించిన సాధారణ గడువుల ప్రకారం ఆ పాత చిరునామా ఏడు రోజుల వరకూ వాడుకకు అర్హమైనదిగానే కనిపిస్తుంది. ఈ లోపాన్ని రౌటర్లు ఎలా నివారించాలో 2021లోనే మార్గదర్శకాలు వచ్చాయి. అవి మన ఇళ్లలోని పాత పెట్టెలకు చేరాలి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. టిక్కు తీసినప్పుడు కంప్యూటరులోని నెట్‌వర్కు భాగం మళ్లీ మొదలవుతుంది. పాత చిరునామా చెరిగిపోతుంది. వైఫైని ఒకసారి ఆపి మళ్లీ పెట్టినా జరిగేది అదే. కీర్తి మాత్రం టిక్కు తీసినవారికి దక్కుతుంది.

మూడోది, వెబ్‌సైట్ల నిర్లక్ష్యం. కొన్ని సంస్థలు తమ సైటుకు ఐపీవీ6 చిరునామా ఉందని లోకానికి ప్రకటిస్తాయి. ఆ చిరునామాలో సర్వరు పలకదు. బ్రౌజర్లు పాత దారికి మళ్లుతాయి కానీ కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు అలా మళ్లలేక మొరాయిస్తాయి. ఒకే సైటు తెరుచుకోక మిగతావన్నీ బాగుంటే తప్పు మీ ఇంట్లో లేదని అర్థం.

నాలుగోది, రౌటర్‌లోని సాఫ్ట్‌వేరు. ఏళ్ల తరబడి అప్‌డేట్ ఎరుగని పెట్టెలు ఐపీవీ6ను పేరుకు అందిస్తూ, నడిమధ్యలో చేతులెత్తేస్తాయి. పెట్టె సేవాదాతదే అయితే మార్చమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

ముందు పరీక్ష.. తర్వాతే చికిత్స

ఐపీవీ6ను అనుమానించే ముందు మూడు చిన్న పరీక్షలు చేసుకోవచ్చు. ఒకటి, అదే వైఫైలో ఫోన్‌తో ప్రయత్నించాలి. ఫోన్‌లోనూ రాకుంటే కంప్యూటరును విప్పి ప్రయోజనం లేదు. రెండు, కంప్యూటరుకు అసలు ఐపీవీ6 అందుతోందో లేదో చూడాలి. నెట్‌వర్కు వివరాల్లో 'ఎఫ్‌ఈ80'తో మొదలయ్యే చిరునామా ఒక్కటే కనిపిస్తే సేవాదాత మీ ఇంటికి ఆరో వెర్షన్ ఇవ్వడం లేదన్న మాట. ఇంట్లో లేని దాన్ని ఆపేసినా ఫలితం దాదాపు ఉండదు. సాధారణంగా 2తో మొదలయ్యే పొడవైన చిరునామా ఉంటేనే సేవ అందుతున్నట్లు లెక్క. మూడు, కమాండ్ ప్రాంప్ట్‌లో 'పింగ్' అని టైపు చేసి, ఖాళీ వదిలి హైఫన్, 6 అంకె, మళ్లీ ఖాళీ వదిలి గూగుల్ వెబ్ చిరునామా ఇవ్వాలి. 6కు బదులు 4తోనూ అలాగే చేయాలి. 4కు జవాబు వచ్చి 6కు రాకుంటే కొత్త దారిలో లోపం ఉన్నట్లు. రెండింటికీ రాకుంటే కేబులు, పెట్టె, బిల్లు గడువు వంటివి చూసుకోవాలి. రెండింటికీ వచ్చి పేజీలు మాత్రం సగంలో ఆగుతుంటే ముందు చెప్పిన పొట్లాల పరిమాణాన్ని అనుమానించాలి.

పరీక్షలో ఐపీవీ6 దారిలోనే లోపమని తేలి, చేతిలో గడువు మీద పడిన పని ఉంటే అప్పుడు టిక్కు తీయడం తప్పు కాదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్' అని టైపు చేస్తే నెట్‌వర్కు కనెక్షన్ల జాబితా వస్తుంది. వాడుతున్న వైఫై లేదా ఈథర్‌నెట్‌పై మౌస్ కుడివైపు మీట నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్లాలి. అక్కడ 'ఇంటర్నెట్ ప్రొటోకాల్ వెర్షన్ 6' ముందున్న టిక్కు తీసి ఓకే చెప్పాలి. ఆ తేదీని ఒక కాగితంపై రాసిపెట్టుకోవాలి. పని పూర్తయ్యాక సేవాదాతకు ఫిర్యాదు చేసి, మరమ్మతు జరిగాక టిక్కు తిరిగి పెట్టాలి.

విండోస్‌లో ఐపీవీ6ను పూర్తిగా ఆపవద్దని, అవసరమైతే పాత దారికి ప్రాధాన్యం ఇచ్చేలా మార్చుకోవాలని మైక్రోసాఫ్టే సూచిస్తోంది. ఇందుకు రిజిస్ట్రీలో 'డిజేబుల్డ్ కాంపోనెంట్స్' అనే విలువకు 32 ఇచ్చి యంత్రాన్ని పునఃప్రారంభించాలి. రిజిస్ట్రీలో పొరపాటు జరిగితే యంత్రమే మొరాయిస్తుంది కనుక తెలిసినవారితోనే చేయించుకోవడం క్షేమం.

ఇంటి నుంచి కంపెనీ పని చేసేవారికి మరో సంగతి. కొన్ని వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు నాలుగో వెర్షన్‌ను మాత్రమే రక్షణ కవచంలోకి తీసుకుంటాయి. ఆరో వెర్షన్ సమాచారం కవచం బయట నుంచే వెళ్లిపోతుంది. అటువంటి సందర్భంలో ఆపమని కంపెనీ సాంకేతిక విభాగం చెబితే ఆపాల్సిందే. అది తెలిసి తీసుకున్న నిర్ణయం. వీడియో చూసి చేసిన పని కాదు.

ఆపితే పోయేదేమిటి?

'రెండు దారులున్నప్పుడు ఒకటి మూస్తే నష్టమేమిటి' అని కొందరు ప్రశ్నిస్తారు. ఐపీవీ6 వల్ల నెట్ వేగం అమాంతం పెరుగుతుందని చెప్పలేం. మూసివేత వల్ల కలిగే నష్టం మాత్రం మెల్లగా తెలుస్తుంది. ఉమ్మడి చిరునామాలో ఉన్న ఇళ్లలో ఎవరో ఒకరు ఏదైనా సైటుపై అడ్డగోలుగా దాడి చేస్తే, ఆ సైటు చిరునామా మొత్తాన్నీ నిలిపివేస్తుంది. ఏ పాపం ఎరుగని విద్యార్థికీ తలుపు మూసుకుంటుంది. 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అంటూ పదేపదే వచ్చే బొమ్మల పరీక్షకూ తరచూ ఇదే కారణం. సైబర్ నేరాల దర్యాప్తులోనూ చిక్కే. ఉమ్మడి చిరునామా వెనుక ఏ ఇల్లు ఉందో తేల్చాలంటే కచ్చితమైన సమయంతో పాటు పోర్టు సంఖ్య కూడా కావాలి. సొంత చిరునామా ఉంటే ఆ చిక్కు చాలావరకు తగ్గుతుంది.

ఊళ్లో తల్లిదండ్రులను ఉంచి విదేశాల్లో స్థిరపడిన పిల్లలు సీసీ కెమెరా ద్వారా ఇంటిని చూసుకోవడం మన పల్లెల్లో మామూలైంది. ఉమ్మడి చిరునామా వల్ల ఆ దృశ్యాలు నేరుగా చేరలేవు. కెమెరా కంపెనీ సర్వరు మీదుగా వెళ్లాలి. ఐపీవీ6 ఉంటే నేరుగా చేరుకునే వీలు కలుగుతుంది. అయితే బయటివారు ప్రవేశించకుండా రౌటర్‌లోని ఫైర్‌వాల్ పనిచేస్తూ ఉండాలి. సొంత గుమ్మం ఉన్నవారే తాళం గురించి ఆలోచించాలి. సొంత చిరునామా ఉంటే మన కదలికలను గుర్తుపడతారన్న భయానికీ విరుగుడు ఉంది. కంప్యూటర్లు బయటి సైట్లకు ఎప్పటికప్పుడు మారే తాత్కాలిక చిరునామాలను చూపే పద్ధతికి 2007 నాటి ప్రమాణమే వీలు కల్పించింది. నేటి విండోస్ అదే పద్ధతిని పాటిస్తోంది.

బాధ్యత ఎవరిది?

మరమ్మతు దుకాణదారుడిని తప్పుపట్టి లాభం లేదు. ఎదురుగా కూర్చున్న వినియోగదారుడికి పది నిమిషాల్లో పని జరగాలి. సేవాదాత అమరికలు సరిచేసే అధికారం అతడికి లేదు. తన చేతిలో ఉన్నది టిక్కు ఒక్కటే, దాన్నే తీస్తాడు. అసలు చిక్కు ఏమిటంటే, ఒక్కో ఇంట్లో టిక్కు తీసిన కొద్దీ ఫిర్యాదులు ఆగిపోతాయి. ఫిర్యాదులు ఆగితే అంతా సవ్యంగా ఉందని సేవాదాత భావిస్తాడు. పెట్టె మారదు, అమరిక మారదు. వీధిలోని మరో ఇంట్లో అదే లోపం పునరావృతం అవుతుంది. తీసేసిన ప్రతి టిక్కూ నమోదు కాని ఒక ఫిర్యాదే.

స్థానిక కేబుల్ నిర్వాహకులకూ ఒక సాకు లేకుండా పోయింది. దేశంలో ఐపీవీ6 చిరునామాలకు కొరత లేదు. జాతీయ ఇంటర్నెట్ ఎక్స్చేంజి అయిన నిక్సీ ఆధ్వర్యంలోని ఐఆర్‌ఐఎన్‌ఎన్ ద్వారా చిన్న సంస్థలూ వాటిని పొందవచ్చు. ఒక్కో పాత చిరునామాను ఇళ్లకు పంచి ఇచ్చేందుకు కొనే ఖరీదైన పరికరాలపై భారమూ తగ్గుతుంది. ఇంటింటికీ ఇచ్చే చిరునామా శ్రేణిని తరచూ మార్చకుండా స్థిరంగా ఉంచితే కరెంటు కోత తర్వాతి ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది.

వినియోగదారుడు ఫిర్యాదు చేసేటప్పుడు 'నెట్ రావడం లేదు' అన్నంత మాత్రాన సరిపోదు. 'నాలుగో వెర్షన్‌లో పింగ్ వస్తోంది, ఆరో వెర్షన్‌లో రావడం లేదు' అని స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు సంఖ్య తప్పక తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనలు ఈ రెండంచెల ఏర్పాటును తప్పనిసరి చేశాయి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను నేరుగా విచారించదు. అప్పీలులోనూ న్యాయం జరగకుంటే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికమ్యూనికేషన్ల శాఖ దృష్టికి తీసుకెళ్లవచ్చు.

గృహ కనెక్షన్లకు నిర్దేశించిన 2022 డిసెంబరు గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్త కనెక్షన్ తీసుకునేవారు వేగం ఎంత, నెలకు ఎంత అని అడగడంతో పాటు 'ఐపీవీ6 ఇస్తున్నారా, చిరునామా శ్రేణి స్థిరంగా ఉంటుందా, పెట్టె ఏ సంవత్సరానిది' అన్న మూడు ప్రశ్నలు కూడా అడగాలి. సంతకం పెట్టకముందు అడిగే ఆ మూడు ప్రశ్నలకు ఉన్న బలం, ఆ తర్వాత తీసే టిక్కుకు ఉండదు.